సుమత్రాలో పామాయిల్ తోటల మధ్య ఊళ్ళు: డబ్బు వచ్చింది సరే, నేల ఎవరి చేతిలో ఉంది?

బాయిలర్‌బాబు:
నాలుగేళ్ళుగా ఇండోనేషియాలో ఉంటున్నాను. సుమత్రా దీవి, జాంబి ప్రావిన్స్. పామాయిల్ మిల్లులో బాయిలర్ చూస్తాను. జాంబి టౌన్ నుంచి మా మిల్లుకు కారులో ఐదు గంటలు. మొదటి గంట పోతే మిగతా దారంతా రెండు పక్కలా పామ్ చెట్లే. ఒకే ఎత్తు, ఒకే వరస. ఓ కునుకు తీసి లేస్తే ఎక్కడున్నామో పోల్చుకోలేం.

మా మిల్లు డ్రైవర్ ఊరు ఈ తోటల మధ్యే. వాళ్ళ నాన్నకు డెబ్బై దాటాయి. ఆయన తాత నాటిన మూడు దురియన్ చెట్లు ఇప్పుడు కంపెనీ తోట నడిమధ్యలో ఉన్నాయి. దురియన్ అంటే చూడ్డానికి మన పనసకు చుట్టంలా ఉండే ముళ్ళ కాయ. వాసన సంగతి తర్వాత చెప్తా. ఇక్కడివాళ్ళు దాన్ని కొయ్యరు. పండి దానంతటదే రాలాలి. అందుకే సీజన్‌లో చెట్టు దగ్గర చిన్న పాక వేసుకుని రాత్రంతా కాచుకుంటారు. పెద్దాయన కూడా వెళ్తాడు. కాకపోతే ముందు కంపెనీ గేటు దగ్గర ఆగి, రిజిస్టర్‌లో పేరు రాసి, అప్పుడు లోపలికి. తన తాత చెట్టు దగ్గరికి!

ఇది చూసి "కంపెనీ లాగేసుకుంది" అని ఒక్క ముక్కలో తేల్చేసుకున్నా. తర్వాత తెలిసింది, ఆ డ్రైవర్‌కే రెండు హెక్టార్ల పామాయిల్ తోట ఉందని. ఇంటికి టైల్స్ వేయించాడు, రెండు బైకులున్నాయి, కూతురు పాదాంగ్‌లో డిగ్రీ చదువుతోంది. "పామాయిల్ రాకపోతే ఇంకా రబ్బరు గీసుకుంటూ ఉండేవాణ్ణి మిస్టర్" అంటాడు (ఇక్కడ మనందరం మిస్టర్‌లమే). అదే మనిషి ఇంకో రోజు బండి నడుపుతూ, "మాకు ఇళ్ళున్నాయి, ఊరు లేదు" అన్నాడు.

రెండూ నిజమే అనిపిస్తోంది. ఇది ఎలా జరిగిందో తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి.

మెట్టరైతు:
బాబుగారూ, మాది జంగారెడ్డిగూడెం దగ్గర. పన్నెండు ఎకరాల పామాయిల్. మీ పోస్టు చూసి ఆగలేకపోయాను. అక్కడ గెలలు ఎలా కొడతారు? టన్ను రేటు ఎవరు కడతారు? ఫ్యాక్టరీవాళ్ళు తూకంలో కోత పెడతారా? మాకు ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీకి వెళ్ళాలో ప్రభుత్వమే రాసిపెట్టింది, ఇంకో చోటికి తోలడానికి లేదు. రేటు కట్టేటప్పుడు గెలలో నూనె శాతం తెలంగాణలో ఎక్కువ లెక్కేసేవారు, మాకూ అదే లెక్క కట్టండని మావాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు.

బాయిలర్‌బాబు:
మెట్టరైతు గారూ, కోత దగ్గర మనకూ వీళ్ళకూ తేడా లేదు. చిన్న చెట్టుకు ఉలిలాంటి కత్తి, దాన్ని దోదోస్ అంటారు. ఎత్తు పెరిగాక పొడవాటి గొట్టానికి కొడవలి కట్టి లాగుతారు, అది ఎగ్రెక్. గెల పడ్డప్పుడు చెల్లాచెదురైన కాయల్ని బ్రొందోలాన్ అంటారు, ఆడవాళ్ళూ పిల్లలూ బస్తాల్లోకి ఏరతారు. కోసిన 24 గంటల్లో మిల్లుకు చేరాలి, లేకపోతే నూనెలో ఆమ్లం పెరిగి రేటు పడిపోతుంది. అసలు తంటా అంతా అక్కడే. వానాకాలంలో మట్టి రోడ్డు మీద లారీ దిగబడిందంటే ఆ లోడు మీద ఆశ వదులుకోవడమే.

కంపెనీతో ఒప్పందం ఉన్న రైతులకు ప్రావిన్స్ ప్రభుత్వం కమిటీ వేసి రేటు కడుతుంది. సొంతంగా వేసుకున్నవాళ్ళు తోకె అనే దళారీకి అమ్ముతారు. తోకె అప్పిస్తాడు, లారీ పంపిస్తాడు, రేటు మాత్రం తనకు తోచినంత. పచ్చి కాయ ఉంది, కాడ పొడుగుంది, తడిగా ఉంది అంటూ తూకంలో కోత ఇక్కడా మామూలే.

మెట్టరైతు:
ఆ కోత మాకు బాగా తెలుసు లెండి. దళారీ భాషకు దేశం తేడా ఉండదు.

పాతకాగితాలు:
బాయిలర్‌బాబు గారి ప్రశ్నకు జవాబు కొంచెం పొడుగు. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

గేటు దగ్గర ఆ రిజిస్టర్ నిన్న మొన్న పుట్టింది కాదు. 1870లో డచ్ ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది: ఎవరిదని రుజువు కాని నేలంతా సర్కారుదే. రుజువంటే కాగితం. జాంబిలో, కలిమంతాన్‌లో (బోర్నియో దీవిలో ఇండోనేషియా భాగం) ఉన్న ఊళ్ళకు కాగితం ఎక్కడిది? వాళ్ళ రుజువు చెట్టు. ఎవరి తాత అడవి కొట్టి చేను చేశాడో, ఆ చోట దురియనో రబ్బరో నాటాడో వాళ్ళది ఆ నేల మీద హక్కు. రెండు మూడేళ్ళు వరి పండించి, అందులోనే రబ్బరు మొక్కలు పెట్టి, ఇంకో చోటికి జరిగేవారు. లదాంగ్ అంటారు, మన పోడు లాంటిదే. బయటివాడికి అది వదిలేసిన అడవిలా కనిపిస్తుంది. ఊరివాడికి అది తాత తోట.

స్వాతంత్ర్యం వచ్చాక 1960లో భూచట్టం తెచ్చారు. అందులో సంప్రదాయ హక్కును, అంటే అదాత్ హక్కును గుర్తిస్తున్నాం అన్నారు, కానీ "దేశ ప్రయోజనానికి అడ్డు రానంత వరకు" అని మెలిక పెట్టారు. జనరల్ సుహార్తో అధికారంలోకి వచ్చాక 1967 అటవీ చట్టం. దాని కింద గీసిన గీతల్లో దేశం నేలలో సగానికి పైగా ప్రభుత్వ అడవి అయిపోయింది. ఇప్పటికీ 12 కోట్ల హెక్టార్లు ఆ లెక్కలోనే ఉన్నాయి. అందులో ఊళ్ళున్నాయి, శ్మశానాలున్నాయి, మీ పెద్దాయన దురియన్ చెట్ల లాంటివి లక్షలున్నాయి.

ఇక తోటల సంగతి. కంపెనీకి నేల అమ్మరు. హెచ్‌జీయూ అనే లీజు ఇస్తారు, 35 ఏళ్ళ దాకా, మళ్ళీ 25 ఏళ్ళు పొడిగింపు. ఈ లీజు ప్రభుత్వ భూమి మీదే ఇవ్వాలి. కాబట్టి ఊరి నేల ముందు ప్రభుత్వ భూమి కావాలి. పశ్చిమ సుమత్రాలో మినాంగ్‌కబావ్ వాళ్ళున్నారు. నేల తల్లి నుంచి కూతురికి వస్తుంది, వంశం ఆస్తిని అమ్మకూడదు. అక్కడ కంపెనీలు వచ్చినప్పుడు పెద్దమనుషులు సంతకాలు పెట్టి కొంత డబ్బు తీసుకున్నారు. దాన్ని సిలియా జారియా అంటారు, అంటే మా పెద్దల కష్టానికి బదులు. వాళ్ళ లెక్కలో అది అరువు. పంట వాడుకుని, గడువు తీరాక నేల ఊరికి తిరిగి రావాలి. చట్టం లెక్కలో మాత్రం ఆ సంతకంతో ఊరి హక్కు తీరిపోయింది. లీజు అయ్యాక నేల సర్కారుకు పోతుంది.

ఒకే కాగితం. ఇచ్చినవాడు అరువనుకున్నాడు, తీసుకున్నవాడు వదులుకోలు పత్రమనుకున్నాడు. ఇండోనేషియాలో సగం భూతగాదాలు ఇక్కడే పుట్టాయని నా అభిప్రాయం.

లెక్కలపంతులు:
చాలా బాగా రాశారు కానీ కన్నీళ్ళు కాస్త ఎక్కువయ్యాయి. కొన్ని లెక్కలు చూద్దాం. ఇండోనేషియాలో పేదల శాతం 2018లో మొదటిసారి పది కన్నా కిందికి దిగింది. పామాయిల్ విస్తీర్ణం దాదాపు 1.6 కోట్ల హెక్టార్లు. ఎంతో ఊహకందాలంటే మన ఆంధ్రప్రదేశ్ మొత్తం అంత. అందులో 40 శాతం దాకా చిన్న రైతులదే. అంతా కంపెనీలే మింగాయి అంటే కుదరదు. మనం మిర్చి బజ్జీ వేయించుకునే పామాయిల్‌లో చాలా భాగం అక్కణ్ణుంచి వచ్చిందే. బజ్జీ తింటూ అడవి పోయిందని ఏడవడం ఏం న్యాయం?

గోంగూరపచ్చడి:
పంతులుగారికి బజ్జీ లేనిదే లెక్క రాదు 😀

బాయిలర్‌బాబు:
పంతులుగారూ, మీ లెక్క తప్పని నేనూ అనను. నా మొదటి పోస్టులో డ్రైవర్ టైల్స్ సంగతి రాసింది అందుకే. కానీ ఆ 40 శాతం చిన్న రైతులు ఎవరు? మా మిల్లుకు గెలలు తెచ్చే రైతుల్లో సగానికి పైగా ఇంట్లో జావా భాష మాట్లాడతారు. ఊళ్ళ పేర్లు కూడా జావా పేర్లే, సుమత్రాలో!

పాతకాగితాలు:
అది ట్రాన్స్‌మిగ్రేషన్ కథ. జావా కిక్కిరిసిపోయిందని అక్కడి జనాన్ని సుమత్రాకు తరలించడం 1905లో డచ్‌వాళ్ళే మొదలుపెట్టారు, లాంపుంగ్‌లో. సుహార్తో కాలంలో ప్రపంచ బ్యాంకు అప్పుతో అది మహా ఉధృతమైంది. ప్రభుత్వ లెక్క ప్రకారం 1979–84 ఐదేళ్ళలోనే 5 లక్షలకు పైగా కుటుంబాలు కదిలాయి. 1986 నుంచి దాన్ని పామాయిల్‌తో ముడివేశారు. మధ్యలో కంపెనీ తోట, దాన్ని ఇంతి అంటారు, గింజ అన్నమాట. చుట్టూ రైతుల తోటలు, అవి ప్లాస్మా. వచ్చిన ప్రతి కుటుంబానికీ 2 హెక్టార్ల పామాయిల్, ఇల్లు, పెరడు. తోట వేసిన ఖర్చు రైతు పేరున అప్పుగా రాసి, గెలల డబ్బులోంచి నెలనెలా పట్టుకునేవారు. అప్పు తీరాక చేతికి పక్కా పట్టా, సెర్తిఫికాత్.

గమనించండి, జావా నుంచి ఏమీ లేకుండా వచ్చినవాడికి పక్కా పట్టా వచ్చింది. నాలుగు తరాలుగా ఉన్నవాడి దగ్గర ఊరి సర్పంచ్ రాసిచ్చిన చీటీ ఉంది. కొన్నిచోట్ల స్థానికులకూ ప్లాస్మా ఇచ్చారు, కానీ బేరం వేరు. పశ్చిమ కలిమంతాన్‌లో కొన్ని ఊళ్ళవాళ్ళు ఏడున్నర హెక్టార్లు ఇస్తే తిరిగి చేతికొచ్చింది రెండు. పంతులుగారూ, ఆ రెండూ మీ 40 శాతంలోకే వస్తాయి.

లెక్కలపంతులు:
ఒప్పుకుంటున్నా, సగటు లెక్కల్లో ఇది కనిపించదు. అయితే జావా నుంచి వచ్చినవాళ్ళను దొంగల్లా చూడకండి. ఐదెకరాలు ఇస్తామంటే కూలివాడు కదలకుండా ఎలా ఉంటాడు?

చింతచెట్టు:
ఆ కూలివాడు జావాలో ఎందుకు కూలివాడయ్యాడో కూడా చెప్పుకోవాలి కదండీ. నేను పీహెచ్‌డీ పనిమీద మధ్య జావాలో ఏడాదిన్నర ఉన్నాను.

నేనున్న ఇంట్లో ముసలావిడ పెట్టెలోంచి ఒక చిన్న కత్తి తీసి చూపించింది. అని అని అంటారు. అరచేతిలో ఇమిడిపోయే చెక్కపిడి, దానికి అడ్డంగా వేలెడంత బ్లేడు. వేళ్ళ మధ్య పట్టుకుని ఒక్కో వెన్నూ తుంచాలి. కొడవలి చూస్తే వరి దేవత దేవి శ్రీ భయపడుతుందని, అందుకని కత్తి అరచేతిలో దాక్కోవాలని చెప్పింది. ఆ కోత ఆడవాళ్ళ పని. ఎవరి చేనైనా ఊళ్ళో ఎవరైనా వచ్చి కోయొచ్చు, కోసినదాంట్లో వాటా గింజలు పట్టుకెళ్ళొచ్చు. బావోన్ అంటారు. మన కల్లంలో మేర కొలిచినట్టు.

డెబ్బైల్లో కొత్త వరి రకాలు వచ్చాయి. పొట్టి మొక్క, చేనంతా ఒకేసారి పండుతుంది, కొడవలి వేస్తే చాలు. రైతు కూడా ఎరువులకు అప్పు తెచ్చాడు, ఊరందరికీ వాటా ఇస్తే అప్పెలా తీరుతుంది? కోతకు వారం ముందే నిలువు పంటను బయటి వ్యాపారికి అమ్మేయడం మొదలైంది. తెబాసాన్ అంటారు. వ్యాపారి తన మనుషుల్ని తెచ్చుకుంటాడు, ఊరి ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి చూడాలి. అదే రోజుల్లో రైస్ మిల్లులు వచ్చి దంపుడు పనీ పోయింది. 1984లో ఇండోనేషియా బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది. నిజమే, గొప్పే. ఆ ముసలావిడ మాత్రం, "బియ్యం పెరిగాయి, మాకు పరిగ కూడా మిగల్లేదు" అన్న అర్థం వచ్చే మాట ఒకటి అంది. వాళ్ళ అక్క కుటుంబం ఆ తర్వాతే లాంపుంగ్ ఓడ ఎక్కిందట.

మెట్టరైతు:
చింతచెట్టు గారూ, ఆ పొట్టి వరి అంటే మన ఐఆర్ 8 లాంటిదేనా? మా నాన్న దాని పేరు చెప్తే ఇప్పటికీ లేచి కూర్చుంటారు.

చింతచెట్టు:
ఔనండీ, ఐఆర్ 8తోనే మొదలు. ఇంకో చిత్రం, దాని అమ్మ ఇండోనేషియా రకమే. పేట అనే పొడుగు వరిని తైవాన్ పొట్టి రకంతో కలిపి ఫిలిప్పీన్స్‌లో పుట్టించారు. మన ఆచంట నెక్కంటి సుబ్బారావు గారు 1967లో దాన్ని పండించి దేశమంతా చాటారు. గోదావరి జిల్లాల్లో దాంతో రైతులు నిలబడ్డారు. జావాలోనూ రైతులు నిలబడ్డారు. నేల లేనివాళ్ళు ఎక్కడికి పోయారన్నదే నా ప్రశ్న.

సింగపూర్‌సీను:
నాకు ఈ చరిత్రలేవీ తెలియవు గానీ పొగ తెలుసు. 2013 జూన్‌లో ఇక్కడ కాలుష్యం మీటర్ 401 కొట్టింది. ఎదురు బ్లాక్ కనపడలేదు. మా చిన్నోడికి అప్పుడు ఎనిమిది నెలలు, తలుపు సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కి కూర్చున్నాం. ఆ పొగంతా మీ సుమత్రా నుంచే కదా బాబు అన్నా?

బాయిలర్‌బాబు:
మాదే సీనూ 😔 నేనప్పుడు లేనుగానీ ఇక్కడివాళ్ళు 2015 సంగతి చెప్తారు. ఆ ఏడాది దేశంలో 26 లక్షల హెక్టార్లు కాలాయి. మీరు తలుపులు మూసుకున్నారు. ఇక్కడ చెక్క ఇళ్ళు, మూయడానికి సందులే ఎక్కువ.

చాలామంది చెట్లు కాలాయనుకుంటారు. కాలింది నేల. ఇక్కడ తీరం వైపు భూమి మట్టి కాదు, వేల ఏళ్ళుగా కుళ్ళిన ఆకూ వేరూ, మీటర్ల లోతున. పీట్ అంటారు. నీళ్ళలో నానుతున్నంత కాలం ఏం కాదు. తోట వెయ్యాలంటే కాలువ తవ్వి నీళ్ళు దించాలి. దించితే ఎండాకాలంలో అది పిడకే. పైన మంట ఆరినా లోపల వారాల తరబడి రగులుతుంది. ఇంకో సంగతి, నీళ్ళు దించిన పీట్ ఏటా కాస్త కాస్త కుంగిపోతుంది. ఓసారి అలాంటి తోటలోకి వెళ్ళాను. చెట్ల వేళ్ళు బయటపడి, చెట్లన్నీ తాగినవాళ్ళలా తలో దిక్కుకు వాలి ఉన్నాయి.

పాతకాగితాలు:
దీనికి పెద్ద ఉదాహరణ మధ్య కలిమంతాన్. 1995లో సుహార్తో అక్కడ పది లక్షల హెక్టార్ల పీట్ నేలను వరి పొలాలు చేస్తానన్నాడు. 4 వేల కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు. వరి రాలేదు. 1997లో మంటలు వచ్చాయి, 1998లో సుహార్తో దిగిపోయాడు, 1999లో ప్రాజెక్టు మూసేశారు. కాలువలు మాత్రం ఉన్నాయి. అక్కడి స్థానికులైన డయాక్ ఊళ్ళవాళ్ళ చేపల మడుగులు, రత్తన్ (పేము) తోటలు పోయాయి. దాన్నుంచి పాఠం నేర్చుకున్నారా అంటే, ఇప్పుడు పాపువాలోని మెరౌకేలో చెరకుకూ వరికీ మళ్ళీ లక్షల హెక్టార్లు అంటున్నారు.

నికెల్‌బ్యాచ్:
అందరూ పామాయిల్ దగ్గరే ఆగారు. నేను సులవేసి దీవిలో మొరోవాలిలో రెండేళ్ళు ఎలక్ట్రికల్ పని చేసి వచ్చాను. అక్కడి కథ ఇంకా స్పీడు. పామాయిల్‌కు ముప్పై ఏళ్ళు పట్టింది, నికెల్‌కు పదేళ్ళు చాలు.

2014లో ముడి ఖనిజం ఎగుమతి ఆపేశారు, 2017లో కొంచెం సడలించారు, 2020 జనవరి 1 నుంచి పూర్తిగా బంద్. మా దగ్గరే కరిగించండి అన్నారు. చైనా కంపెనీలు వచ్చి కొలిమిలు పెట్టాయి. ఇప్పుడు ప్రపంచం నికెల్‌లో సగానికి పైన ఇండోనేషియాదే. స్టెయిన్‌లెస్ స్టీలుకూ, కార్ల బ్యాటరీలకూ.

బహోదొపి అని ఒక ఊరు. ఒకప్పుడు చేపలూ కొబ్బరీ అట. నేను వెళ్ళేసరికి షిఫ్ట్ మారే టైంలో రోడ్డు దాటాలంటే అరగంట. వేలకు వేలు బైకులు, హెల్మెట్లూ యూనిఫాంలూ, అందరి మొహాల మీదా ఎర్ర దుమ్ము. వాన పడితే వాగు టమాటా చారులా పారుతుంది, అదంతా సముద్రంలోకే.

అక్కడ నేల అమ్మినవాళ్ళు రెండు రకాలు. మా గది ఓనర్ కొంచెం అమ్మి, ఆ డబ్బుతో మిగిలిన జాగాలో వరసగా గదులు కట్టాడు. కోస్ అంటారు. ఒక్కో గదిలో ముగ్గురం. నెలనెలా అద్దె వసూలు చేసుకుంటూ హాయిగా ఉన్నాడు. పక్కింటాయన మొత్తం అమ్మేసి కారు కొన్నాడు. నేను వచ్చేసేటప్పటికి కారు లేదు, అదే ఓనర్ గదిలో అద్దెకున్నాడు. కొడుకు ప్లాంట్‌లో హెల్పర్. చేపలకు వెళ్ళేవాళ్ళు ఇదివరకటి కన్నా బాగా దూరం పోవాల్సి వస్తోందని, డీజిల్ ఖర్చుకే సరిపోతోందని అనేవారు.

2023 డిసెంబర్ 24న కొలిమి దగ్గర పేలుడు జరిగి 21 మంది పోయారు, అదీ మొరోవాలిలోనే. నేను అప్పటికి వచ్చేశాను. నా కాంట్రాక్టర్ చివరి రెండు నెలల ఓటీ ఇంకా ఇవ్వలేదు, అది వేరే ఏడుపు.

గోంగూరపచ్చడి:
జోకులు వేయాలనిపించట్లేదు అన్నా.

మెట్టరైతు:
నేనొకటి చెప్పాలి. పంతులుగారి బజ్జీ దగ్గర్నుంచీ నా మనసులో తిరుగుతోంది.

2022 గుర్తుందా? ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. ఇక్కడ నూనె ప్యాకెట్ రేటు చూసి ఆడవాళ్ళు తిట్టుకున్నారు. మాకు మాత్రం పండగ. గెలలు టన్ను 20 వేలు దాటిపోయింది, నేను ఈ పంట వేసినప్పటి నుంచి చూడలేదు. ఆ ఏడాదే బోరు కొత్తది వేయించాను, అమ్మాయి పెళ్ళి బాకీ తీర్చాను. అక్కడి రైతులు కూడా బాగుపడ్డారనే అనుకున్నాను. బాబుగారూ, అప్పుడు మీ దగ్గర ఏమైంది?

బాయిలర్‌బాబు:
నేను చేరిన కొత్తలు అవి. మీకు పండగైన మూడు వారాలూ ఇక్కడ గెలలు కొనే దిక్కు లేదు. దేశంలో వంటనూనె రేటు పెరిగి, జనం క్యూల్లో నిలబడితే ప్రభుత్వం ఎగుమతి ఆపింది. నూనె బయటికి పోకపోతే మిల్లు ట్యాంకులు నిండిపోతాయి. ట్యాంకు నిండితే గెలలు తీసుకోం. మా గేటు బయట లారీలు రోజుల తరబడి నిలబడ్డాయి, గెలలు నల్లబడిపోయాయి. ఒప్పందం ఉన్నవాళ్ళవి ముందు తీసుకున్నాం. తోకెకు అమ్మేవాళ్ళు కొందరు చెట్ల మీదే వదిలేశారు. మే 17న రైతులు జకార్తా వెళ్ళి ధర్నా చేశారు, 23న నిషేధం తీసేశారు.

మా డ్రైవర్ ఒక బైకు అమ్మింది అప్పుడే. ముందు మూడు ఉండేవి.

మెట్టరైతు:
నా బోరు అలా వచ్చిందన్నమాట. సరే.

లెక్కలపంతులు:
అయినా ఒకటి అడుగుతా. 2013లో వాళ్ళ రాజ్యాంగ కోర్టు అదాత్ అడవులు ప్రభుత్వ అడవులు కావని తీర్పు ఇచ్చిందిగా. న్యాయం జరిగినట్టే కదా?

పాతకాగితాలు:
తీర్పు నిజమే, 2013 మే 16. అదాత్ సమూహాల సమాఖ్య కేసు వేసి గెలిచింది. కానీ ఏ ఊరికి ఆ ఊరు తాము అదాత్ సమూహమేనని జిల్లా ప్రభుత్వంతో గుర్తింపు చట్టం చేయించుకోవాలి, మ్యాపు గీయించాలి, అప్పుడు అటవీ శాఖకు పెట్టుకోవాలి. మూడున్నరేళ్ళు పోయాక, 2016 డిసెంబర్ చివర, అప్పటి అధ్యక్షుడు జోకో విదోదో మొదటిసారి 9 సమూహాలకు హక్కు పత్రాలిచ్చారు. అన్నీ కలిపి 13 వేల హెక్టార్ల చిల్లర. పామాయిల్ 1.6 కోట్ల హెక్టార్లు అని మీరే చెప్పారు. భాగాహారం మీకు వదిలేస్తున్నా. లీజు కింద ఇప్పటికే తోట వేసిన నేల జోలికి ఆ తీర్పు పోలేదు కూడా.

చింతచెట్టు:
ఊరంటూ ఉన్నవాళ్ళకే ఇంత కష్టమైతే, ఊరే లేనివాళ్ళ మాటేంటి? జాంబిలోనే అడవిలో తిరుగుతూ బతికే ఒరాంగ్ రింబా వాళ్ళున్నారు కదా బాబు గారూ? మీకెప్పుడైనా ఎదురుపడ్డారా?

బాయిలర్‌బాబు:
ఎదురుపడ్డారు. బుకిత్ దువాబెలాస్ అడవి వాళ్ళది, 2000లో నేషనల్ పార్క్ చేశారు, 60 వేల హెక్టార్ల పైచిలుకు. కానీ చాలామంది పార్క్ బయట, తోటల్లో టార్పాలిన్ల కింద ఉంటారు. వాళ్ళలో ఎవరైనా చనిపోతే ఆ చోటు వదిలి దూరంగా పోవాలి, దుఃఖం తీరేదాకా తిరిగి రాకూడదు. మెలాంగున్ అంటారు. అడవి ఉన్నప్పుడు పోయేవారు. ఇప్పుడు ఎటు పోయినా ఎవరో ఒకరి తోటే.

తేనెపట్లు పట్టే పెద్ద చెట్టు సియాలాంగ్ నరికితే వాళ్ళ కట్టుబాటులో పెద్ద జరిమానా, అది కూడా బట్టల్లో కడతారు, ఇన్ని తానులు అని. అడవంతా బుల్డోజర్‌తో తీసినప్పుడు ఎన్ని తానులు కట్టాలో ఎవరు లెక్కేశారు?

మా మిల్లు దారిలో ఒకామె, వీపున బిడ్డ, బస్తాలో రాలిన కాయలు ఏరుకుంటూ కనపడింది. సెక్యూరిటీ వాడు వచ్చి బస్తా దింపించాడు. కింద పోయించి, ఫోటో తీసుకున్నాడు. ఆమె ఏమీ అనలేదు. ఖాళీ బస్తా మడిచి చంకలో పెట్టుకుని చెట్ల మధ్యకు వెళ్ళిపోయింది. నేను కారులోనే ఉన్నాను. దిగలేదు. రాయకూడదనుకున్నాను, మీరు అడిగారు కాబట్టి రాశాను.

నికెల్‌బ్యాచ్:
దిగితే మాత్రం ఏం చేస్తావ్ బ్రో. వర్క్ పర్మిట్ మీద ఉన్నోళ్ళం.

మెట్టరైతు:
మాకు దగ్గర్లోనే ఏజెన్సీ. కాగితం ఒకరిది, సాగు ఒకరిది అనే గొడవ మాకు కొత్త కాదు. గిరిజనుల నేల కాపాడే 1/70 చట్టం ఉన్నా సరే...

మోడరేటర్:
మెట్టరైతు గారూ, 1/70 మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి ప్లీజ్. ఇక్కడ మొదలుపెడితే ఇండోనేషియా మర్చిపోతాం.

చింతచెట్టు:
బాబు గారూ, మీ డ్రైవర్ పిల్లలు తోట చూసుకుంటారా? జావాలో రెండో తరం పొలం వైపు చూడటం లేదు.

బాయిలర్‌బాబు:
అడిగాను. అమ్మాయి బ్యాంకు ఉద్యోగం అంటోంది. అబ్బాయి బాతాం వెళ్ళి ఫ్యాక్టరీలో చేరతానంటున్నాడు. చెట్లకు 25 ఏళ్ళు వచ్చేశాయి, ఎగ్రెక్ కూడా అందనంత ఎత్తు. కొట్టేసి మళ్ళీ నాటాలి. నాటితే మూడేళ్ళు ఆదాయం ఉండదు. తిరిగి నాటడానికి ప్రభుత్వం సాయం ఇస్తుంది, పామాయిల్ ఎగుమతి సుంకం డబ్బుతో. దానికి నేల కాగితాలు సరిగ్గా ఉండాలి. వీళ్ళ దగ్గర సర్పంచ్ చీటీయే ఉంది. పైగా మ్యాపులో ఆ తోటలో కొంత ముక్క ఇంకా "అడవి" రంగులోనే ఉందట! పాతకాగితాలు గారు చెప్పిన గీతే అనుకుంటా. తోకె మాత్రం చీటీ మీదైనా తోట కొంటానంటున్నాడు. ఇంకా తేల్చుకోలేదు.

పోయిన శనివారం దురియన్ మొదలైందని నన్నూ రమ్మన్నారు. రాత్రి తొమ్మిదింటికి గేటు దగ్గర పెద్దాయన రిజిస్టర్‌లో పేరు రాశాడు. "వచ్చిన పని" అన్న గడిలో సెక్యూరిటీ కుర్రాడే "గెస్ట్" అని రాశాడు. వాడిది కూడా అదే ఊరు. పెద్దాయన మునిమనవడి వరస. పేరు రాయించుకున్నంత సేపూ తల ఎత్తలేదు.

పాకలో కూర్చున్నాం. చుట్టూ వరసలు వరసలుగా పామ్, మధ్యలో ఈ మూడు చెట్లే ఆకాశంలోకి. పన్నెండు దాటాక ఒకటి రాలింది. చీకట్లో కాయ పడ్డ చప్పుడుకే నా గుండె జారింది. పెద్దాయన టార్చి కూడా వెయ్యకుండా సూటిగా వెళ్ళి పట్టుకొచ్చాడు.

సింగపూర్‌సీను:
తిన్నావా అన్నా?

బాయిలర్‌బాబు:
తిన్నా. రెండు తొనలు. డ్రైవర్ రెండు రోజులు కారు అద్దాలు దించే తిప్పాడు.